కచేరీ ఎవరి చెవిలో ఉంది?

ఈ తగువులో ఉన్నది ఇద్దరు. మామయ్య కరెంటాఫీసులో పనిచేసి రిటైరయ్యాడు. కృష్ణా, గుంటూరు జిల్లాల్లో ఎక్కడ నవమి పందిరి వేశారని తెలిసినా సైకిలెక్కి వెళ్ళి ముందు వరసలో చాప మీద చోటు పట్టేసిన తరం ఆయనది. ఉష ఆయన చెల్లెలి కూతురు. హైదరాబాదులో పెద్ద పెద్ద సినిమా పాటల కార్యక్రమాలకు సౌండ్ ఇంజనీరు. నేను మామయ్యకు పాత స్నేహితుణ్ణి, ఆ పూట వాళ్ళింటికి భోజనానికి వెళ్ళినవాణ్ణి. మధ్యలో దూరబోయి ఇద్దరి చేతా మాటలు పడ్డాను కాబట్టి, ఇక విన్నది విన్నట్టు రాయడమే నా పని.

గొడవ ఒక క్యాసెట్టు దగ్గర మొదలైంది. అటక మీది రేకు పెట్టెలో దొరికిన పాత టేపును ఉష శుభ్రం చేసి, కంప్యూటర్లోకి ఎక్కించి తెచ్చింది. మామయ్య పెళ్ళిళ్ళలో, చావుల్లో, రైళ్ళలో కనబడ్డవాడికల్లా చెప్పే నవమి కచేరీ అది. విద్వాంసుడి పేరు రాయను. ఆయన ఇప్పుడు లేడు, ఈ తగువుతో ఆయనకు పనీ లేదు.

ఉష: మామయ్యా, తోడి ఆలాపన అరగంట పాడాడన్నావు. టేపులో పన్నెండు నిమిషాలే ఉంది.

మామయ్య: టేపు అబద్ధం చెప్తోంది.

ఉష: దానికేం అవసరం?

మామయ్య: అది అరవై నిమిషాల క్యాసెట్టు. ఒక్కో పక్క ముప్ఫై. ఆయన పైషడ్జం మీద నిలబడ్డ సమయానికి టక్కుమని ఆగిపోయింది. ఆ చప్పుడు నేను విన్నాను.

ఉష: తిప్పి పెట్టడానికి పది సెకన్లు పడుతుంది. పద్దెనిమిది నిమిషాలు ఎక్కడికి పోయాయి?

మామయ్య: రికార్డు చేస్తున్న ఆ కుర్రాడు తిప్పలేదే! నోరు తెరుచుకుని వింటూ కూర్చున్నాడు. నేను వాడి పక్కనే ఉన్నాను. పల్లవి ఎత్తుకున్నాక ఎవరో వీపు మీద తడితే అప్పుడు గుర్తొచ్చింది వాడికి.

(నేను నవ్వాను. నవ్వకుండా ఉండాల్సింది, ఎందుకంటే ఉష వెంటనే నా వైపు తిరిగి "మీరూ ఉన్నారా అక్కడ?" అని అడిగింది. లేను. అందుకే ఇద్దరిలో ఎవరి మాటా కొట్టిపారేసే హక్కు నాకు లేదు.)

ఉష: సరే, ఆ పద్దెనిమిదీ నీకే వదిలేస్తాను. నా గొడవ వేరు. నీకు గుర్తున్నదేమిటో ఒకసారి నువ్వే చెప్పు. పందిరి, పానకం, పక్కన ఎవరు కూర్చున్నారో, ఎవరు ఎవరి కాలు తొక్కారో, సైకిలు గాలి పోయి ఎక్కడ నడిచారో అన్నీ చెప్తావు. పాట ఎలా ఉందయ్యా అంటే మాత్రం "అబ్బ" అంటావు. ఆ "అబ్బ"లో ఎంత ఆ రాత్రిది, ఎంత తరవాత రేడియోలో విన్నది? ఆయన తోడి నువ్వు ఆకాశవాణి విజయవాడలో ఎన్నిసార్లు విని ఉంటావు? అవన్నీ కలిసిపోయి నవమి రాత్రి ఖాతాలో పడ్డాయి.

మామయ్య: పడితే పడనీ. రేడియో నాకు శత్రువా? విజయవాడ స్టేషన్ 1948లో మొదలైంది. బాలమురళి అక్కడ ఉద్యోగం చేసిన రోజుల్లో పొద్దున్నే భక్తిరంజని వినకుండా మా ఇంట్లో పొయ్యి వెలిగేది కాదు. ఓలేటి వెంకటేశ్వర్లు గారి సంగీత శిక్షణ వినే, తాళం ఎక్కడ పడుతుందో నాకు తెలిసింది. రేడియో వింటే సంగీతం వస్తుంది. కచేరీకి వెళ్తే, దాని పాలిట పడతాం. అదీ తేడా.

ఉష: పాలిట పడటమంటే?

మామయ్య: ఏమవుతుందో తెలియకుండా కూర్చోవడం. ఆ రోజు ఆయనకు గొంతు పట్టేసింది. పానకం పడలేదన్నారు. కాదు, ముందురోజు ఇంకో ఊళ్ళో పాడి ఆ రాత్రి బస్సులో వచ్చాడని కొందరన్నారు. వర్ణంలోనే తెలిసిపోయింది మాకు. పై స్థాయికి వెళ్తాడా, వెళ్ళడా? కింద షడ్జం చుట్టూ తిరిగి సరిపెట్టేస్తే అడిగేవాడు లేడు. సరిపెట్టుకోలేదు. తోడిలో మెట్టు మెట్టు ఎక్కుతూ తారస్థాయి గాంధారం దగ్గరికి వచ్చేసరికి గొంతు పగిలింది. ముక్కలైంది. పందిట్లో ఐదారు వందల మందికి ఊపిరాగింది. అప్పుడు ఫిడేలాయన ఏం చేశాడో తెలుసా? అదే గాంధారాన్ని సన్నగా పట్టుకుని, కమానును పోనిచ్చాడు, పోనిచ్చాడు... ఈయన నవ్వి, మంచినీళ్ళు గుక్కెడు తాగి, ఫిడేలు పట్టుకున్న స్వరం మీదికే నేరుగా వచ్చి కూర్చున్నాడు. అప్పుడు పందిరి అరిచిన అరుపు, నువ్వు పనిచేసే స్టేడియాల్లో కూడా విని ఉండవు.

ఉష: అది టేపులో ఉంది. నాలుగుసార్లు విన్నాను. గొంతు జారింది, ఫిడేలు సర్దింది. జనం గోల చేశారు. అంతే. అలాంటివి ప్రతి కచేరీలోనూ ఉంటాయి.

మామయ్య: నీకు అంతే అనిపిస్తుంది. తేలుతుందని నీకు ముందే తెలుసు. గెలిచిన పుంజు ఏదో తెలిశాక కోడిపందెం చూడటమూ ఒక చూడటమేనా? ఆ రాత్రి ఆయన లేచి వెళ్ళిపోవచ్చు. మంగళం పాడేసి చేతులు జోడించవచ్చు. మాకు తెలియదు, ఆయనకూ తెలియదు. ఆలాపన, నెరవు, స్వరకల్పన ఇవన్నీ అక్కడికక్కడ పుట్టాల్సినవి. పుట్టకపోవచ్చు కూడా. ఆ పుట్టకపోవచ్చు అన్నది నీ క్యాసెట్టులో ఎక్కడుంది?

(ఈ మాటకు ఉష కాసేపు ఆలోచించింది. నాకైతే మామయ్య చెప్పిన మొత్తంలో గట్టి మాట ఇదే. కానీ ఉష వృత్తిరీత్యా తీగ ఎక్కడ తెగిందో వెతికే మనిషి. వెతికింది.)

ఉష: పుట్టకపోవడం గురించి ఇంత చెప్తున్నావు కదా, అసలు కరెంటే లేకపోతే పుట్టని కచేరీలు ఉన్నాయని ఒప్పుకుంటావా? మన పాలకొల్లు మాండొలిన్ శ్రీనివాస్ సంగతి చెప్పు. నీ దేవుడే కదా.

మామయ్య: శ్రీనివాస్ జోలికి రాకు.

ఉష: వస్తాను. 1969లో పుట్టాడు. 1978లో గుడివాడ త్యాగరాజ ఉత్సవాల్లో మొదటి కచేరీ. 1983కి బెర్లిన్ జాజ్ ఉత్సవం దాకా వెళ్ళాడు. మామూలు మాండొలిన్‌కి నాలుగు జతల తీగలు. మీటిన వెంటనే నాదం ఆరిపోతుంది. మన గమకం పలకాలంటే నాదం నిలవాలి, తీగ లాగితే సాగాలి. జంట తీగల మీద అది కుదరని పని. ఆయన ఏం చేశాడు? ఒంటి తీగలు ఐదు బిగించిన ఎలక్ట్రిక్ మాండొలిన్ పట్టాడు. వైరు పెట్టాడు, స్పీకరు పెట్టాడు. ఆ వైరు పీకేస్తే నీ ముందు వరస దాకా కూడా వినబడదు. నువ్వు కళ్ళు మూసుకుని తలూపింది ఒక యంత్రంలోంచి వచ్చిన చప్పుడికి మామయ్యా.

మామయ్య: యంత్రంలోంచి వస్తే వచ్చింది, వేళ్ళు అతనివి కదా. మొదట్లో జనం చిన్నపిల్లాణ్ణి చూద్దామని వచ్చేవాళ్ళు. బాసింపట్టు వేసుకుని, నవ్వు మొహంతో కూర్చునేవాడు. మొదటి కీర్తన అయ్యేసరికి చూడ్డం మరిచిపోయి వినడం మొదలెట్టేవాళ్ళు. వాళ్ళ గురువు రుద్రరాజు సుబ్బరాజు గారికి మాండొలిన్ వాయించడం రాదు. ఆయన పాడేవాడు, పిల్లాడు దాన్ని తీగ మీద పట్టేవాడు. అందుకే అది వాయిద్యంలా ఉండదు, పాటలా ఉంటుంది. నలభై అయిదేళ్ళకే పోయాడు, 2014లో. ఇప్పుడు నా ఫోనులో అతని కచేరీలు లెక్కలేనన్ని ఉన్నాయి. పెట్టుకుంటాను. బాగుంటాయి. కొత్తగా ఒక్క సంగతి కూడా వేయడు.

ఉష ఏమీ అనలేదు. మామయ్యే తేరుకున్నాడు.

మామయ్య: అయినా నీకు వైరు లేని సంగీతం కావాలంటే నాదస్వరం ఉందిగా. కరవది షేక్ చినమౌలానా గారు, ఆ తరవాత శ్రీరంగంలో స్థిరపడ్డారు. ఆయన వాయిస్తే మైకెందుకు? అది ఆరుబయట పుట్టిన వాద్యం. గుడి నాలుగు వీధులూ దాని హాలు. మృదంగంలో పాల్ఘాట్ మణి అయ్యర్ అంతటివాడు పెద్దతనంలో మైకు ఉంటే వాయించనని పట్టుబట్టాడు. మైకు మృదంగం నాదాన్ని చెడగొడుతోందన్నాడు. నీలాంటి ఇంజనీరుకు అది తిట్టులా ఉంటుంది కానీ, ఆ చెవికి దణ్ణం పెట్టాలి.

ఉష: పెడతాను. మైకుల గురించి ఆయన అన్నదాంట్లో నిజముంది. ఆ రోజుల్లో కచేరీకి తెచ్చే మైకులు మృదంగం కోసం చేసినవి కావు, వాటిని పెట్టేవాళ్ళకు ఎక్కడ పెట్టాలో తెలియదు. ఎడమవైపు తొప్పి గుంకారం ఊదరగొట్టేది, కుడివైపు మాట నలిగిపోయేది. ఇప్పుడు రెండు పక్కలా వేరువేరు మైకులు పెట్టి వేరువేరుగా సర్దుతాం. అయినా మైకు రాకముందు ఎవరు పాడగలిగారో కూడా చూడాలి కదా! నాటకాల్లో, హరికథల్లో, సభల్లో హెచ్చు శ్రుతిలో గొంతు చించుకుంటేనే చివరి వరసకు వినబడేది. 1930ల నుంచీ సభల్లోకి మైకు వచ్చాకే మంద్రంలో, మెత్తగా, నీకిష్టమైన పద్ధతిలో పాడేవాళ్ళకు జాగా దొరికింది. బాలమురళి ఆ కింద స్థాయిలో గుసగుసలాడితే నువ్వు కరిగిపోయావే, ఆ గుసగుసను పందిరి చివరిదాకా మోసింది ఎవరు?

మామయ్య: మైకుసెట్టువాడు. సరే, వాడికీ ఒక శాలువా కప్పుదాం. కానీ ఒక్క మాట విను. ఆ నవమి రాత్రే కరెంటు పోయింది. తని ఆవర్తనం అయ్యాక, తుకడాలు మొదలెట్టబోతుంటే పోయింది. పందిట్లో అందరూ తిరిగి నా వైపే చూశారు, నేనే స్విచ్చి కట్టేసినట్టు! పెట్రోమాక్సు లైట్లు తెచ్చేలోపు ఆయన చీకట్లోనే జావళి ఎత్తుకున్నాడు. మైకు లేదు, చెట్లకు కట్టిన హారన్లు లేవు. వెనక ఉన్నవాళ్ళు మోకాళ్ళ మీద పాకుతూ ముందుకొచ్చారు. నా భుజం మీద ఎవరిదో గడ్డం. పట్టేసిన ఆ గొంతులోని జీర కూడా వినబడింది. అసలు కచేరీ అక్కడ మొదలైంది.

ఉష: నీకు మొదలైంది. అమ్మకి అక్కడితో అయిపోయింది.

మామయ్య: ఏ అమ్మకి?

ఉష: మా అమ్మకి. నీ చెల్లెలికి. ఆ రాత్రి తను ఎక్కడుంది? పందిట్లో లేదు. ఇంటికి వచ్చిన చుట్టాలకు వండి, అంట్లు తోముతూ పెరట్లో ఉంది. వేపచెట్టు హారనులోంచి వర్ణం దగ్గర్నుంచీ అంతా వింది. తోడి వింది, గొంతు పగలడం వింది, చేతిలో గిన్నె కింద పెట్టేసిందట. కరెంటు పోయింది. హారను ఆగింది. నీ మోకాళ్ళ మీద పాకినవాళ్ళలో ఆడవాళ్ళెంతమంది? పందిరి దాకా వచ్చినా బయట గట్టు మీదే నిలబడే జనం ఎంతమంది? వాళ్ళందరికీ మీ "అసలు కచేరీ" లేదు. తిరువయ్యారులో త్యాగరాజస్వామి సమాధి దగ్గర ఆడవాళ్ళను పాడనివ్వకపోతే, బెంగుళూరు నాగరత్నమ్మ ఆడవాళ్ళను వేరే కూడగట్టి పాడించాల్సి వచ్చింది. సమాధికి గుడి కట్టించిందే ఆవిడ! కచేరీ అంటే అక్కడ ఉండటం అని నువ్వంటున్నావు. అక్కడ ఎవర్ని ఉండనిచ్చారన్నది నా ప్రశ్న.

(మామయ్య మజ్జిగ గ్లాసు అటు జరిపి, ఇటు జరిపాడు. చెల్లెలు గిన్నె కింద పెట్టిందన్న సంగతి ఆయనకు ఇన్నాళ్ళూ తెలియదని ఆ మొహం చూస్తే అర్థమైంది. కాని ఓడిపోయే రకం కాదు.)

మామయ్య: పెరట్లో ఉన్నా మీ అమ్మ కచేరీ విన్నట్టే. ఆయన పాడుతున్న నిమిషంలోనే విన్నది. గొంతు నిలబడుతుందో లేదో దానికీ తెలియదు, అందుకే గిన్నె కింద పెట్టింది. నా మాట నిలిచిందా లేదా?

ఉష: నిలిచింది. అయితే ఇందాకటి నీ పందిరి, చాప, ముందు వరస అవసరం లేదన్నమాట. ఆ నిమిషంలో వింటే చాలు. అలాగైతే 2020లో కోవిడప్పుడు మద్రాసు సభలు ఆన్‌లైన్లో పెట్టిన కచేరీలు నీకు ఎందుకు నచ్చలేదు? ఫోను విసిరికొట్టావు కదా.

మామయ్య: అవి కచేరీలా? ఖాళీ హాల్లో కెమెరా ముందు కూర్చుని పాడాడు పాపం. మంచి సంగతి పడితే "శభాష్" అనే దిక్కు లేదు. మృదంగం ఆయన వేసిన ముక్తాయింపుకు ఫిడేలాయన ఒక్కడే తలూపాడు. మనం ఇచ్చేది ఆయనకు చేరాలమ్మా. మా పందిట్లో మొదటి వరసలో ఒక ముసలాయన ఉండేవాడు, రాగం చెడితే ఉత్తరీయం సర్దుకునేవాడు. ఆ సర్దుకోవడం చూసి విద్వాంసులు జాగ్రత్త పడేవాళ్ళు. ఆకాశవాణి వాళ్ళకు ఈ సంగతి తెలుసు కాబట్టే 1954 నుంచీ సంగీత సమ్మేళనాలను స్టూడియోలో కాకుండా, జనాన్ని పిలిచి వాళ్ళ ముందు పాడించి రికార్డు చేశారు.

ఉష: మరి అమ్మ ఇచ్చింది ఆయనకు చేరిందా? పెరట్లో కూర్చుని "ఆహా" అంటే స్టేజీ మీదికి వినబడిందా?

మామయ్య జవాబివ్వలేదు. "ఇంకాస్త అన్నం పెట్టనా" అని నన్నడిగాడు. వద్దన్నాను.

ఉష: నేను గెలవడానికి అడగలేదు మామయ్యా. ఆ కుర్రాడి టేపు రికార్డరు సెల్లుల మీద నడిచింది. కరెంటు పోయినా అది ఆగలేదు. జావళి రెండో క్యాసెట్టులో మొత్తం ఉంది. మొన్న అమ్మకి వినిపించాను. తను సగంలో వదిలేసిన కచేరీ, ఇన్నేళ్ళ తరవాత ముగింపు దాకా వింది.

మామయ్య: ఏమంది?

ఉష: "బాగానే ఉంది గానీ, హారనులో అయితే గొంతు ఇంకా నిండుగా ఉండేది" అంది.

(నేను మళ్ళీ నవ్వాను. ఈసారి మామయ్య కూడా నవ్వాడు, కాస్త అయిష్టంగానే.)

మామయ్య: దాని చెవి ఎప్పుడూ అంతే. సరే, టేపు మంచి పని చేసింది, కాదనను. ఓలేటి గారు 1989లో పోయారు. ఆయన పాట ఇవాళ్టి పిల్లలకు దొరుకుతోందంటే రేడియో టేపులు, ఇళ్ళల్లో ఎవరెవరో దాచుకున్న క్యాసెట్లే కారణం. అవి లేకపోతే మాలాంటి నలుగురం "ఆహా ఓహో" అంటే నమ్మేవాళ్ళుండరు. ద్వారం వెంకటస్వామి నాయుడు గారి ఫిడేలు నేను వినలేదు. ఆయన 1964లోనే పోయారు. గ్రామఫోను రికార్డుల్లో విన్నాను. ఒక్కో పక్క మూడు నిమిషాల పైచిలుకు. విజయనగరం సంగీత కళాశాలలో ఆయన ఎదురుగా కూర్చుని విన్నవాళ్ళు "ఇదేం విన్నావు నువ్వు" అని జాలిపడేవాళ్ళు. నేను ఇప్పుడు నీ మీద పడుతున్నట్టే.

ఉష: జాలి నాకొద్దు. నేను వారంలో నాలుగు రోజులు కచేరీల్లోనే ఉంటాను.

మామయ్య: అవి కచేరీలా? నువ్వే చెప్పావు, సగం సంగీతం ముందే రికార్డు చేసి లాప్‌టాపులో పెట్టుకొస్తారని. పాడేవాళ్ళ చెవుల్లో టిక్కు టిక్కుమని చప్పుడు పెడతారట. దాన్ని దాటి ఒక్క మాత్ర అటూ ఇటూ కదలడానికి లేదట. గొంతు పట్టేస్తే ఆ లాప్‌టాపు ఆగి మంచినీళ్ళు తాగనిస్తుందా? గాంధారం పట్టుకుని నిలబడుతుందా?

ఉష: నిలబడదు. అది నిజం. క్లిక్కు మొదలయ్యాక ఆగదు. స్టేజీ వెనక తెర మీద వీడియో, లైట్లు, వయొలిన్ల ట్రాకు అన్నీ ఆ చప్పుడికే కట్టేసి ఉంటాయి. పాతిక వేలమందికి ఒకే పాట ఒకేసారి చేరాలంటే అలాగే చేయాలి. కానీ ఒకటి నీకు తెలియదు. చెవుల్లో ఆ బటన్లు పెట్టుకుంటే పాడేవాళ్ళకు బయటి ప్రపంచం వినబడదు. ముందు పాతిక వేలమంది అరుస్తున్నా, వాళ్ళకు సొంత గొంతూ, క్లిక్కూ తప్ప ఏమీ ఉండదు. ఖాళీ హాల్లో పాడినట్టే. మొదట్లో చాలామంది తట్టుకోలేక ఒక చెవిలోది పీకేసేవాళ్ళు. అందుకని స్టేజీ రెండు అంచులా జనం వైపు తిప్పి మైకులు పెడతాం. అవి బయటి స్పీకర్లలోకి వెళ్ళవు. జనం చప్పుడు పట్టి పాడేవాళ్ళ చెవుల్లోకి పంపడానికే అవి.

మామయ్య: అంటే శభాష్‌కి ఒక మైకు!

ఉష: రెండు.

మామయ్య: నేను చెప్పిందే కదా మరి ఇది? ఇందాకట్నుంచీ ఇదే కదా మొత్తుకుంటున్నాను? వినేవాడి మాట పాడేవాడికి చేరకపోతే పాట లేవదని మీకూ తెలుసు. తెలిసే పెట్టారు.

ఉష: పెట్టాం. కానీ ఎంత చేరాలో నేను చూసుకుంటాను. జనం మరీ ఎక్కువైతే పాడేవాళ్ళు శ్రుతి తప్పుతారు. అప్పుడు తగ్గించేస్తాను.

మామయ్య: తగ్గిస్తావా?

ఉష: మీట నా దగ్గరే ఉంటుంది.

మామయ్య: ఆ మొదటి వరస ముసలాయన ఉత్తరీయానికి కూడా ఒక మీట పెట్టి ఉంటే ఎంతమంది విద్వాంసులు నీకు పాదాభివందనం చేసేవాళ్ళో! వచ్చే కార్యక్రమానికి నాకు ఆ మైకు పక్కన ఒక కుర్చీ వేయించు. ఎంత తగ్గిస్తావో చూస్తాను.

ఉష: అక్కడ కుర్చీలుండవు మామయ్యా, నిలబడే చూడాలి. నాలుగు గంటలు.

మామయ్య: చాప తెచ్చుకుంటానే.